అడుక్కొచ్చిన పొత్తిగుడ్డలు

మూడో కాన్పుకు ముందు మా అత్త నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, పుట్టబోయే బిడ్డకు ఒక్క కొత్త గుడ్డముక్క కూడా కొనేది లేదని చెప్పింది. నేను సరేనన్నాను. నేను గొడవపడతాననుకుని పాపం మాటలన్నీ సిద్ధం చేసుకుని వచ్చింది. ఒక్కమాటకే తలూపేసరికి కొంగు సర్దుకుని లేచిపోయింది. నాకు గొడవపడే ఓపిక లేదు. ఓపిక అని కూడా కాదు. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా పక్కింట్లో ఎవరికో చెబుతున్నట్టు వినిపించేది.

అప్పటికి ఇద్దరు పోయారు. మొదటివాడు తొట్టెల ఎక్కకముందే పోయాడు. రెండోది ఆడపిల్ల. ఒరిగిపోకుండా కూర్చోవడం అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. ఇద్దరినీ జ్వరమే తీసుకుపోయింది. మా వైపు దీన్ని "పిల్లలు నిలుస్తలేరు" అంటారు. ఆ మాట నా ఎదుటే అనేవాళ్లు, నాకేదో పని చేతకానట్టు. ఈ మూడోది బతుకుతుందా లేదా అన్నదే మా ఇంట్లో అందరి మనసులోని ప్రశ్న. ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. నాకు దానికి తోడు ఇంకో ప్రశ్న ఉండేది. బతికినా నాకేమైనా అనిపిస్తుందా అని. ఎందుకంటే రెండోది పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. మొదటివాడప్పుడూ సరిగ్గా రాలేదు. చెయ్యి కింద పెట్టుకుని పడుకుని లేస్తే ఆ చెయ్యి మనది కానట్టు ఉంటుందే, నా మనిషంతా అలా ఉండేది. కడుపులో బిడ్డ తన్నినప్పుడు, ఊఁ, తన్నింది అనుకుని మళ్లీ పనిలో పడేదాన్ని.

డెబ్బైల చివరి రోజులవి. మేం కొత్తవాడలో ఉండేవాళ్లం. ఏ ఇంట్లోకి తొంగిచూసినా మగ్గమే. పెళ్లిళ్లకూ మీటింగులకూ నేల మీద పరిచే జంపఖానాలు మా వాడలోనే నేసేవాళ్లు. మా ఆయన పొద్దున మగ్గం మీద కూర్చుంటే అన్నానికే లేచేవాడు. నేను మగ్గానికి నూలు కండెలు చుట్టేదాన్ని. నూలుకు కరువులేని ఇల్లు మాది. తల్లో, అన్నంలో, మంచినీళ్ల కుండలో అంతటా దూదిపోగులే. అలాంటి ఇంట్లో పుట్టే బిడ్డకు గుడ్డ లేదంటే నవ్వొస్తుంది. నాకు రాలేదు.

మొదటివాడికి అన్నీ ముందే కొన్నాను. మా అమ్మ వచ్చి ఉన్న రోజుల్లో ఇద్దరం బట్టలబజారుకు పోయి సాయంత్రం దాకా తిరిగాం. మెడ దగ్గర దారాలతో కట్టే మల్లు జుబ్బాలు, రిబ్బను టోపీ, మంచం తడవకుండా రబ్బరు షీటు, పౌడరు డబ్బా, ఊపితే గలగలమనే ప్లాస్టిక్ గిలక్కాయ. ఆడో మగో తెలియదు కాబట్టి అన్నీ పసుపురంగువే తీసుకోమంది అమ్మ. ఇంటికొచ్చి మంచం మీద పరుచుకుని, మడతపెట్టి, మళ్లీ పరుచుకున్నాను. అంత సంతోషం నాకు పెళ్లప్పుడు కూడా లేదు. వాడు పోయాక ఆ బట్టలే రెండోదానికి తొడిగాం. అదీ పోయాక మా అత్త అన్నింటినీ ఒక మూటగట్టి ఎక్కడికో తీసుకుపోయి వచ్చింది. ఎక్కడ పడేసిందో నేను అడగలేదు.

"నువ్వు ముందుగాల్నే కొన్నవ్ బిడ్డా. గందుకే గిట్లయింది" అంది వచ్చాక, కాళ్లు కడుక్కుంటూ.

జ్వరమొచ్చిన పిల్లాణ్ని టోపీ ఏం చేస్తుంది? ఆ మాట నోటిదాకా వచ్చింది. ఇప్పుడైతే అనేదాన్నే. నా నోటికి ఇప్పుడు మా వాడంతా భయపడుతుంది. అప్పుడు మాత్రం నీళ్ల చెంబు ఆమె చేతికిచ్చి లోపలికి పోయాను.

అత్త లెక్కలో కొన్నది ఈ బిడ్డకు అచ్చిరాదు. పిల్లలు బతికి బట్టకట్టిన ఇళ్ల నుంచి అడుక్కొచ్చిన పాతగుడ్డలే తొడగాలి. పుట్టగానే ఆ బిడ్డను ఎవరికో గుప్పెడు తవుడుకు అమ్మేయాలి. ఇది ఎవరికీ అక్కర్లేని బిడ్డ, దీనికి గుడ్డ కొనే దిక్కు కూడా లేదు అనిపించాలి. ఎవరికి అనిపించాలో మాత్రం ఆమె చెప్పదు, ఆ పేరు ఎత్తితే అది మళ్లీ మా ఇంటి దారి తెలుసుకుంటుందని భయం. ఇది ఆమె కనిపెట్టిన సంగతేమీ కాదు. తవుడు పేరో, పెంట పేరో, భిక్ష పేరో పెట్టుకున్న మగవాళ్లు మా వాడలో గల్లీకొకరు ఉండేవాళ్లు. మీసాలు మెలేసుకుని తిరిగేవాళ్లంతా ఒకప్పుడు చాటలో పడుకోబెట్టి అమ్మిన పసిగుడ్లే. అందులో మా మామ కూడా ఒకడు.

నెలలు నిండుతుండగా ఒక పొద్దున అత్త నా చేతికి గుడ్డసంచి ఇచ్చింది. "నేనడిగితే నడ్వది. తల్లి నోటితోనే రావాలె" అంది. ఆమె ముందు, నేను వెనక. సిగ్గేసిందా అని తర్వాత చాలామంది అడిగారు. లేదు. సిగ్గుపడటానికి కూడా లోపల మనిషి ఉండాలి. ప్రతి గడప ముందు నిలబడి అత్త నేర్పిన మాటే అన్నాను. "మీ పిల్లలు కట్టి ఇడ్సిన గుడ్డ ఏమన్న ఉంటే ఇయ్యున్రి."

చాలామంది ఇచ్చారు. మా వాడలో ఆ మాటకు అర్థం చెప్పక్కర్లేదు, నా కడుపు చూసి, నా మొహం చూసి వెంటనే లోపలికి పోయేవాళ్లు. ఒక ముసలామె తన భర్త పాత ధోవతి చింపి సగం ఇచ్చింది, సగం తనకు ఇంకో మనవడు పుట్టేట్టున్నాడని దాచుకుంది. ఒకామె ఇచ్చిన జుబ్బా మీద కాటుక మరక అలాగే ఉంది. ఇంకొకామె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెను ఓదార్చడం నా పనైంది.

ఒక ఇంట్లో మాత్రం ఇవ్వలేదు. చంకలో కొడుకును పెట్టుకుని, నాకన్నా చిన్నదైన ఒక పిల్ల గడపలోకి వచ్చింది. నా మాట విని, పిల్లాడి తలమీద చెయ్యి పెట్టి దగ్గరకు అదుముకుంది.

"ఏమనుకోకు అక్కా. నా బిడ్డ గుడ్డ నేనియ్య" అని తలుపు దగ్గరకు వేసింది.

అత్త ఆ గల్లీ దాటేదాకా ఆ పిల్లను తిడుతూనే ఉంది. నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. ఆమె చోట నేనున్నా ఇచ్చేదాన్ని కాదు. నా నీడ తన కొడుకు గుడ్డమీద పడకూడదనుకుంది, తల్లి అలాగే అనుకుంటుంది. కోపం అత్త మీద వచ్చింది. ఎండలో నిండు గర్భిణిని నిలబెట్టి ఆ తిట్లన్నీ వినిపించినందుకు.

చివరికి మా పక్కింటికి వచ్చాం. ఆ ఇంటామెను నేను అక్కా అని పిలిచేదాన్ని. వాళ్లాయన రైల్వేలో పని, రోజూ సైకిలు మీద కాజీపేట పోయివచ్చేవాడు. వాళ్లింట్లో పిల్లలకు లెక్కలేదు, అందరూ పడుతూ లేస్తూ, మట్టి తింటూ, ముక్కులు కారుతూ హాయిగా పెరుగుతున్నారు. చిన్నది అప్పుడు పాలుతాగే పిల్ల. అక్క గొంతు మా మగ్గం చప్పుడును మించి వినిపించేది. ఆమె సంచి చూడగానే, "గిన్ని ఇండ్లు తిరిగెదాక నేను యాదికి రాలేదా?" అని కసిరి, పెట్టెలోంచి ఒక ఒడినిండా బట్టలు తెచ్చి పోసింది.

"గీ జుబ్బ సూడు చెల్లె. నా పిల్లలందరు గీంట్లనే పెరిగిన్రు. ఒక్కరికి గూడ తుమ్ము రాలే" అంది. తుమ్ము రాలేదన్నది పచ్చి అబద్ధం. వాళ్ల తుమ్ములు మా ఇంటిదాకా వినిపించేవి.

ఆ గుడ్డలన్నీ అత్త వేపాకు వేసి ఉడకబెట్టింది. మెత్తటివి పొత్తిగుడ్డలకు, మందమైనవి బొంతకు అని నేను వేరుచేశాను. అంచులు మడిచి కుట్టాను. ఒక్కోటి ఒక్కో రంగు, ఏదో ఇంటి పసుపు, ఎవరి పిల్లాడిదో పాలవాసన. మొదటివాడి జుబ్బాలను మంచం మీద పరుచుకుని చూసుకున్న చేతులే ఇవీ కుట్టాయి. కుట్టు బాగానే కుదిరింది. అంతకన్నా నాకేమీ గుర్తులేదు.

మా ఆయన మాట తక్కువ మనిషి. ఇద్దరు పోయినప్పుడూ ఏమీ మాట్లాడలేదు, నన్నూ ఏమీ అనలేదు. ఆయన్ను చూసి కొన్నిసార్లు ఇతనికీ నాలాగే అయిందా అనుకునేదాన్ని. కాదని ఒకరోజు తెలిసింది. అన్నానికి పిలవబోతే మగ్గం మీద చిన్న జంపఖానా ఉంది. మంచంలో సగం కూడా లేదు. మామూలుగా వాడే ముతక నూలు కాదు, సన్నది. తెలుపు మీద ఎర్రచారలు. నన్ను చూసి చేత్తో దాన్ని కప్పబోయాడు, అది దాగే వస్తువా? ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. సరిగ్గా అప్పుడే వెనక అత్త వచ్చింది.

"నేనేం జెప్తాన, నువ్వేం జేస్తానవ్‌రా! కొత్తది ఎట్ల నేస్తవ్?" అని నెత్తి కొట్టుకుంది.

మా ఆయన మిగిలిన నాలుగు పోగులూ నేసి ముగించాడు. నేసిన దాన్ని విప్పితే ఇంకా కీడని, ఉంచితే అంతకన్నా కీడని అత్త పగలంతా సతమతమై, చివరికి ఒక దారి కనిపెట్టింది. దాన్ని పక్కింటి అక్కకు ఇచ్చేయాలి. వాళ్ల పిల్ల దానిమీద పడుకుని, తడిపి, మాపితే అది పాతదైపోతుంది. అప్పుడు పోయి అడుక్కొచ్చుకోవచ్చు. ఎవరినో మోసం చేస్తున్నామన్నమాట. మా అత్త ధైర్యానికి మెచ్చుకోవాలి.

అయితే ఒక పొరపాటు జరిగింది. జంపఖానా ఇచ్చేటప్పుడు అత్త అసలు సంగతి అక్కకు చెప్పలేదు. ముందే చెప్పుకుంటే అది అడుక్కున్నట్టు కాదట. అక్క అది తన పిల్లకు మేం ఇచ్చిన కానుక అనుకుంది. గల్లీలో అందరికీ చూపించింది. "చెల్లె మొగడు నా బిడ్డకోసమే నేసిండు" అని మురిసిపోయింది. పిల్ల దానిమీద తప్ప పడుకోవడం లేదని రోజూ వచ్చి మా ఆయనను పొగిడేది. ఆయన తలవంచుకుని ఇంకా గట్టిగా నేసేవాడు. అత్త గుటకలు మింగేది. నాకు నెలలు పూర్తిగా నిండాయి, జంపఖానా తిరిగొచ్చే జాడలేదు.

చివరికి అత్త నన్నే పంపింది. గడపలో నిలబడి అడిగాను. "నీ బిడ్డ పండుకున్న జంపఖాన ఇయ్యక్కా."

అక్క నావైపు తెల్లబోయి చూసింది. ఇచ్చి మళ్లీ అడుగుతారా ఎవరైనా? తర్వాత నా కడుపు చూసింది. అంతలో ఆమెకు అంతా తట్టింది. పడీపడీ నవ్వుతూ, పిల్లను దానిమీంచి ఎత్తి, తడితడిగా ఉన్నదాన్ని అలాగే చుట్టి నా చేతిలో పెట్టింది. "నీ అత్త జర నోరు తెరిస్తే ముత్యాలు రాల్తయా? ముందుగాల్నే చెప్తే ఇంక రెండు రోజులు ఎక్కువ తడిపిద్దును గదనే" అంది. ఆమె నవ్వు చూసి నవ్వాలని నేనూ పళ్లు కనిపించేలా నోరు పెట్టాను.

బిడ్డ పెద్ద దవాఖానలో పుట్టింది. ఆడపిల్ల. ఏడ్చింది, పాలు తాగింది, నిద్రపోయింది. ఇంటికి రాగానే అత్త నా ఒళ్లోంచి తీసుకుని చాటలో పడుకోబెట్టి వాకిట్లో పెట్టింది.

"గీ పొల్ల మాకొద్దు. ఎవలన్న కొంటరా?" అని గల్లీలోకి అరిచింది.

"నేను గొంట" అంటూ పక్కింటి అక్క కొంగులో తవుడు పోసుకుని వచ్చింది. చాటలో ఒక పక్కన పోసి, బిడ్డను ఎత్తుకుంది. "ఇగ ఇది నా బిడ్డ. పాలకు నీ దగ్గర ఉంచుతాన చెల్లె. జర మంచిగ సూస్కో."

"సూస్కుంట" అన్నాను.

అప్పటినుంచి ఎవరడిగినా పక్కింటామె బిడ్డ అనే చెప్పాలి. అది నియమం. అందరికీ అది నోటిమాట, నాకు మాత్రం అది సరిగ్గా సరిపోయింది. పాలు నావి, బిడ్డ ఆమెది. పోతే ఆమె బిడ్డ పోతుంది. ఆ మాట అలాగే, అంత పచ్చిగానే అనుకున్నాను. అలా అనుకున్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గులేదు. అలా అనుకోబట్టే ఆ బిడ్డను ఒళ్లో వేసుకోగలిగాను. లేకపోతే మొహం కూడా చూడలేకపోయేదాన్ని.

తొట్టెల రోజు చుట్టాలొచ్చారు. పుట్టింటి తరఫున తేవాల్సినవన్నీ మా అమ్మ తెచ్చింది. బుట్టచేతుల గౌను, ఊలు టోపీ, కాళ్లకు వెండి కడియాలు, వస, ఉగ్గుగిన్నె, ఈసారి గలగలమనని రబ్బరు బొమ్మ. అత్త వాకిట్లోనే ఆపింది. ఏదీ గడప దాటకుండా అన్నీ పక్కింటికి మళ్లించింది. ముందు అక్క పిల్ల వేసుకోవాలి, తర్వాతే మాకు. కాసేపటికి అక్క తన పిల్లను ముస్తాబు చేసి తెచ్చింది. ఆ పిల్ల కొత్త గౌను, టోపీ, కడియాలతో మెరిసిపోతూ మా ఇంటి మధ్యలో కూర్చుంది. తొట్టెలలో ఉన్నది మాత్రం పాలమరకల జుబ్బాలో ఉంది. చుట్టాల్లో సగంమంది ఎవరికి తొట్టెలో తెలియక కూర్చున్న పిల్లకే అక్షింతలు వేశారు.

మా అమ్మ వంటింట్లోకి వచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది. "నా మనుమరాలికి తెస్తే వాళ్ల పొల్లకేస్తాన్రేందే?"

"ఏడ్వకమ్మా. ఆమెదే గదా బిడ్డ" అన్నాను, కూరలో ఉప్పు చూస్తూ.

అమ్మ ఏడుపు ఆపేసింది. నన్ను చూసి భయపడిందని అర్థమైంది. దగ్గరకొచ్చి నా రెండు చెంపలూ పట్టుకుని వదిలేసింది. ఆ రోజు పోతూ పోతూ అమ్మ మా ఆయనతో ఏదో మెల్లగా మాట్లాడింది.

అదే రోజు ఎవరో చుట్టపామె తొట్టెల ఊపుతూ, వచ్చే ఏడాదికి ఇల్లంతా ఉరుకుతుంది అనబోయింది. మా అత్త అంతదూరం నుంచి వచ్చి ఆమె నోటిమీద చెయ్యి పెట్టింది. మా ఇంట్లో ఆ బిడ్డ గురించి రేపటి మాట ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఏ స్కూలు, ఏ జడ, ఎవరి పోలిక, ఏదీ లేదు. ఈ పూట పాలు తాగిందా, ఈ పూట ఒళ్లు వెచ్చగా లేదు కదా, అంతే. రాత్రి తర్వాత ఏముందో మాకు తెలియనట్టే ఉండేవాళ్లం.

నేను చేయాల్సినవన్నీ చేశాను. పొద్దున్నే ఆముదం రాసి కాళ్లూ చేతులూ సాగదీసేదాన్ని. కాళ్ల మధ్య పడుకోబెట్టుకుని వేడినీళ్లు పోసేదాన్ని. సాంబ్రాణి పొగ పట్టి, కాటుకపెట్టి, అరికాలికి దిష్టిచుక్క పెట్టి, అక్క పిల్లకు బిగుతైపోయిన జుబ్బా తొడిగి ఆ ఎర్రచారల జంపఖానా మీద పడుకోబెట్టేదాన్ని. బట్టలన్నీ అలాగే వచ్చేవి. అక్క పిల్లకు పొట్టివైతే మా ఇంటికి. సరిపోయినన్ని రోజులు సరిపోయేవి, ఆ తర్వాత ఇంకోటి. చూసేవాళ్లు ఎంత మురిపెంగా చేస్తోందో అనేవాళ్లు. మురిపెం లేదు, ఏమీ లేదు. చేతులు వాటికవే పనిచేసుకుపోయేవి. బిడ్డ నవ్వితే నవ్విందని తెలిసేది.

రెండోది పోయిన వయసు వచ్చింది. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. మా ఆయన మగ్గం ఆపి మాటిమాటికీ తొట్టెల దగ్గరకు వచ్చి నిలబడి పోయేవాడు. ఆ వయసు దాటింది. బిడ్డ కూర్చుంది, పాకింది, మగ్గం గుంజ పట్టుకుని లేచింది. ఒకరోజు ఏదీ పట్టుకోకుండా కండెల బుట్ట దాకా నడిచి, బుట్ట బోర్లించి, ఆ కండెల మధ్యలోంచి నన్ను చూసింది. అత్త దండం పెట్టుకుంది. నేను చెదిరిన కండెలు ఏరుకున్నాను.

పుట్టువెంట్రుకలు తీయించి మొక్కు తీర్చుకున్నాం. అక్క వచ్చి గుండుమీద చందనం రాసి, "ఇగ నీ బిడ్డ నీదేనే. నాకు నావోళ్లే సాలు" అని నా ఒళ్లో కూర్చోబెట్టిపోయింది. సరే అన్నాను. అప్పటికి నాకు ఆ మాట అలవాటైపోయింది, ఎవరేమన్నా సరే అనడం.

ఆ తర్వాత అత్త చెప్పింది. "ఇగ కొనొచ్చు బిడ్డా. మొదటిది మాత్రం తల్లి చేతితోనే కొనాలె. నేల కాల్తాంది, కాళ్లకేమన్న తీస్కరాపో."

బిడ్డ నిద్రపోతోంది. అక్కను చూస్తుండమని చెప్పి ఒక్కదాన్నే చౌరస్తా దాకా నడిచాను. పెళ్లయ్యాక నేను ఒంటరిగా బజారుకు వచ్చింది అదే మొదలు. చెప్పుల దుకాణంలో పెద్దాయన గద్దె మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. పైన తీగకు పిల్లల బూట్లు జతలుజతలుగా వేలాడుతున్నాయి, ఎర్రవి, నీలంవి, నొక్కితే కీచుమనేవి.

"ఎంత పిల్లమ్మా?" అన్నాడు.

"నడుస్తాంది."

"నడుస్తాందంటే ఎంతని తియ్యాలె? కొలత తేలేదా? కాలు కింద దారం పెట్టి తెంపుకరావాలె గదా."

తేలేదు. ఆ సంగతే తట్టలేదు. మళ్లీ ఇంటికి పోయి రావాలేమో అనుకున్నాను. అనుకుంటూనే ఎడమ అరచెయ్యి చాపి, మణికట్టు దగ్గర నుంచి మధ్యవేలు మొదటి గీత దాకా కుడిచేతి వేలితో చూపించాను. ఆలోచించి చూపలేదు. "గింత. ముందట జర వెడల్పు. బొటనవేలు పక్కకు తిరిగుంటది" అన్నాను.

ఆయన నా చెయ్యి చూసి, తీగ మీంచి ఒక ఎర్రజత తీసి నా అరచేతిలో పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. రోజూ ఆముదం చేతుల్లో ఆ పాదం ఇంతే ఉంటుంది. ఇవే ఇమ్మన్నాను.

ఆయన ఇవ్వలేదు. నా చేతిలోంచి మళ్లీ తీసుకుని తీగకు తగిలించాడు.

"గివి రెండు నెల్లు గూడ రావమ్మా. ఎదిగే పిల్ల. ఒక నంబరు పెద్దయి తీస్కపో, ముందట జర దూది కుక్కు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఎన్నో నెలల తర్వాత వచ్చిన కోపం అది, కాళ్ల నుంచి పైకి వచ్చింది. మా ఇంట్లో అందరూ రేపటి మాట ఎత్తకుండా బతుకుతుంటే ఈయన ఎవరు? నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఎదుగుతదని నీకెవలు చెప్పిన్రు?"

పెద్దాయన విసనకర్ర ఆపి నావైపు చూశాడు. ఆయనకు కోపం రాలేదు. నా ప్రశ్నే అర్థం కాలేదు.

"పిల్లలు ఎదగక ఏం చేస్తరమ్మా?" అన్నాడు.

దుకాణం అరుగు మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది. చిన్నగా కాదు, దారినపోయేవాళ్లు ఆగి చూసేంతగా. మొదటివాడికి ఏడ్చాను, రెండోదానికి ఏడ్చాను, ఇంట్లో నిద్రపోతున్న దానికి కూడా ఏడ్చాను. అది నా బిడ్డ. దాని పాదం ఎంతో నా చేతికి తెలుసు, నాకే తెలియలేదు. పెద్దాయన కంగారుపడి, ధర ఎక్కువని ఏడుస్తున్నాననుకుని, తగ్గిస్తానమ్మా, తగ్గిస్తానమ్మా అంటూ ఆ జతా ఈ జతా దించి నా ముందు పోస్తున్నాడు.

కొంగుతో మొహం తుడుచుకున్నాను. ఒక నంబరు పెద్దవి చేతిలోకి తీసుకుని, లోపల వేళ్లు పెట్టి చూశాను. ముందు చాలా ఖాళీ ఉంది. వీటికన్నా పెద్దవి కూడా చూపించమని అడిగాను.